నీడ పడ్డ చోటే మేకు

"నేల మీద కర్ర పాతి నీడ సూస్తే సదువొచ్చేస్తాదేటి? అలాగైతే మన పెరటి గోడ ఈపాటికి పెద్ద మేష్టరైపోయుండేది!" అంది మా నాయనమ్మ, బియ్యం చెరుగుతున్న చేట ఆపకుండానే.

"పలకా బలపం పట్టుకుంటేనే సదువని ఎవుడు సెప్పినాడే నీకు? ముప్పయ్యేళ్లు ఇనుంతో బతికినాను. కళ్లతో సూసి, సేత్తో కొలిసి నేర్సుకున్నదే నాకు కూడెట్టింది," అన్నాడు మా తాతయ్య.

"నీకెట్టింది. ఈ గుంటకెవుడెడతాడు? జరానికి ఊడిన జుట్టే ఇంకా రాలేదు, దాన్ని ఎండలో కాపలా పెడతావేటి?"

"జుట్టు దానంతటదే వస్తాది. ఈలోగా బుర్ర కాళీగా ఉంచీమంటావేటి?"

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ల వయసులో, ఈ ఇద్దరి మధ్యా వెదురు కర్ర పట్టుకుని నిలబడ్డాను. కర్ర నా నడుం ఎత్తుంది. దాన్ని ఎవరికివ్వాలో తెలియలేదు. తగవు కర్ర గురించి కాదని మాత్రం నాకు తెలుసు. తగవు నా గురించి.

ఆ ఏడు వానల్లో నాకు టైఫాయిడ్ వచ్చింది. నెలల తరబడి మంచం మీదే ఉన్నాను. లేచేసరికి దసరా వెళ్లిపోయింది, దీపావళి కూడా వెళ్లిపోయింది. ఆ ఏడాది గడిచేదాకా పిల్లను బడికి పంపొద్దన్నాడు డాక్టరు. అప్పట్లో బెంగాల్లోని మా ఖరగ్‌పూర్ బళ్లలో ఏడాది జనవరితో మొదలయ్యేది, డిసెంబరులో పరీక్షలు. పరీక్షలు రాయని పిల్ల మళ్లీ రెండో తరగతిలోనే కూర్చోవాలి. మా తాతయ్య వెళ్లి మా తెలుగు బడి పెద్ద మేష్టారిని అడిగాడు. "జనవరిలో తీసుకురండి, నేనే ప్రశ్నలడుగుతాను. చెప్పగలిగితే మూడో తరగతిలో కూర్చోబెడతాను," అన్నారాయన.

నాయనమ్మ లెక్క వేరు. మూడో తరగతి ఇస్తే సరే. ఇవ్వకపోతే చదివిన తరగతే మళ్లీ చదవడానికి ఆడపిల్లను పంపేది లేదు, ఇంట్లో ఉండి చంటివాణ్ణి ఆడిస్తుంది, వంట నేర్చుకుంటుంది. మా నాన్న ఆ మాట విని తల వంచుకుని కార్ఖానాకు వెళ్లిపోయాడు. అమ్మ చంటివాణ్ణి ఒళ్లో వేసుకుని జోకొడుతూ కూర్చుంది. మా ఇంట్లో నాయనమ్మ మాట అంటే మాటే. కాబట్టి నాకు ఉన్నది రెండు నెలలు. పుస్తకాలు లేవు. ఉన్న ఒక్క వాచకం నా జ్వరంలో చంటివాడు నమిలేశాడు. ఉన్నది మా తాతయ్య.

ఆయన కూడా బడికి వెళ్లినవాడు కాదు. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి ఇక్కడి రైలు కార్ఖానాలో చేరాడు. సంతకం చెయ్యడం, అంకెలు రాయడం, కొలబద్ద చూడడం అక్కడే నేర్చుకున్నాడు. నాకు జ్వరం వచ్చేనాటికి ఆయన రిటైరై, ఝపటాపూర్‌లో ఒక కర్రల అడితీలో దుంగలు కొలిచే పనికి వెళుతుండేవాడు. పొద్దున్న చద్ది తిని వెళితే చీకటి పడే ముందు వచ్చేవాడు. వచ్చాక నాతో ఒక గంట.

ఆ గంటలో ఆయన చెప్పించిన చదువు ఇదీ. రెండు డబ్బాల అడుగున చిల్లులు పెట్టి, ఒకదానిలో మా పెరటి ఎర్ర మొరం, ఒకదానిలో ఇంజన్ల బొగ్గు బూడిద నింపించాడు. చెరో చెంబు నీళ్లు పోయించి, ఎందులోంచి ఎన్ని గ్లాసులు కిందికి దిగాయో లెక్క పెట్టమన్నాడు. మిగిలినవి ఎక్కడికి పోయాయని అడిగాడు. నాకు తీసివేతలు అలా వచ్చాయి. పాత అయస్కాంతం ముక్కకు దారం కట్టి వీధి దుమ్ములో ఈడ్పించాడు. మా వాడలో దుమ్ము కూడా సగం ఇనుమే. అయస్కాంతానికి గడ్డం మొలిచినట్టు వచ్చేది. చీమల బారు పక్కన బెల్లం ముక్క పెట్టి, మొదటి చీమ వచ్చేదాకా ఎంతవరకు లెక్కపెట్టగలనో చూడమన్నాడు. ఆ బెల్లం ముక్క కోసం నాయనమ్మ పెట్టిన గోల నాలుగు క్వార్టర్లకు వినిపించింది. తప్పు ఆమెది కాదు. పాడుచేయడం నాకూ గిట్టదు. ఆ గుణం నాకు ఆమె నుంచే వచ్చింది. ఇప్పటికీ కవరు చించితే లోపలి వైపు చీటీ రాసుకోవడానికి పనికొస్తుందా అని చూస్తాను.

ఆ తరువాతే కర్ర. దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీసి, కర్ర ఆ దారం పక్కన నిటారుగా నిలిచేదాకా సరిచేసి, చుట్టూ రాళ్లు కొట్టి బిగించాడు తాతయ్య. పని చిన్నదే. మధ్యాహ్నం కార్ఖానా సైరన్ కూయగానే కర్ర నీడ కొస ఎక్కడుందో అక్కడ ఒక మేకు కొట్టాలి. పాత క్యాలెండరు కాగితం వెనక బొమ్మ గీసి, నీడ ఎన్ని వేళ్లు, ఎన్ని బెత్తెలు ఉందో రాయాలి. మేకులు అడితీలో పెట్టెలు విప్పగా వచ్చిన వంకరవి. రాయి మీద పెట్టి ఆయనే సాఫు చేసి తెచ్చేవాడు. ఆదివారం సైరన్ లేదు కాబట్టి మేకు లేదు. "సూర్యుడికీ ఆదివారం సెలవిచ్చేసినావేటి?" అని నాయనమ్మ ఎత్తిపొడుపు.

ఇక్కడ మా సైరన్ గురించి ఒక మాట చెప్పాలి. మా రైలు వాడలో కాలమంటే సైరనే. మొదటి కూతకు పొయ్యి వెలిగేది, రెండో కూతకు మగవాళ్లు సైకిలెక్కేవారు. మధ్యాహ్నం కూతకు ముందే అన్నం డబ్బాలు గేటు దగ్గరకు చేరాలి. గోడ గడియారం ఉన్న ఇళ్లలో కూడా కూత విని ముల్లు సరిచేసుకునేవారు. కూత వేళకు బస్సు రాకపోతే బస్సు ఆలస్యం, అన్నం ఉడక్కపోతే అన్నం ఆలస్యం. సైరన్‌కు ముందు వెనకలు లేవు. అది తప్పడమంటూ ఉండదని మేం పాలతో పాటు తాగి పెరిగిన వాళ్లం.

అందుకే నేను చిక్కుల్లో పడ్డాను.

మొదటి రోజు మేకు కొట్టాను. రెండో రోజు నీడ కొస మేకును దాటి గోరంత ముందుకు పోయింది. నా చెయ్యి వణికి మొదటి మేకు పక్కకు దిగిందేమో అనుకున్నాను. మూడో రోజు వేలి మందం దాటింది. నాలుగో రోజు ఇంకా దాటింది. సైరన్ అదే వేళకు కూసింది, కర్ర అక్కడే ఉంది, రాళ్లు కదలలేదు, సూర్యుడు నిన్నటి సూర్యుడే. మరి తప్పు ఎవరిది? ఇక మిగిలింది నేను. నాకు చూడడం చేతకాలేదు. ఒక కర్ర నీడ సరిగ్గా చూడలేని పిల్లకు మూడో తరగతి ఎవరిస్తారు? నాయనమ్మకు తెలిస్తే "సెప్పినానా లేదా" అంటుంది. ఆ మాట అప్పుడే నా చెవుల్లో వినిపించింది.

ఐదో రోజు నుంచి నేను నీడను చూడడం మానేశాను. సైరన్ కూయగానే వెళ్లి మొదటి మేకు పక్కనే ఇంకో మేకు కొట్టేదాన్ని. కాగితం మీద "అక్కడే" అని రాసేదాన్ని. దాటిపోయిన మేకులు మూడూ పీకి, వాటినీ గుత్తిలో చేర్చేసి, కాగితం మీద ఆ మూడు రోజులూ కూడా "అక్కడే" అని దిద్దేశాను. తాతయ్య వచ్చే వేళకు నీడ కొస తూర్పు గోడెక్కి పోయేది. ఆయనకు కనిపించేవి మేకులే. చూసి "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" నాకు మెప్పులాగే వినిపించేది. ఇరవై రోజులకు కర్ర ముందు మేకులు గుత్తిగా, పద్ధతిగా, ఒక అరచేతిలో ఇమిడేంత చోట నిలబడ్డాయి. అంత నీటైన పని నేను ఎన్నడూ చేసి ఎరగను.

ఒక రోజు ఆయన అడితీకి వెళ్లలేదు. పని లేదన్నాడు. మధ్యాహ్నం పెరట్లో ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. దేవుడా, ఈ ఒక్క రోజూ సైరన్ కూయకుండా చెయ్యి అనుకున్నాను. కూసింది.

నీడ కొస నా మేకుల గుత్తిని దాటి బెత్తెడు పైన అవతల ఉంది. గుడ్డివాడికి కూడా కనిపించేంత దూరం. నేను సుత్తి తీసుకుని, నీడ వంక చూడకుండా, గుత్తి పక్కన మేకు ఆనించాను. తాతయ్య నన్ను పిలవలేదు. నాయనమ్మను పిలిచాడు.

నాయనమ్మ అప్పుడు పెరట్లోనే గుమ్మడి ఒడియాలు ఎండబెట్టిన చాపను రెండు చేతులతో ఈడుస్తోంది. మా పెరటికి దక్షిణం వైపు ఎత్తయిన గోడ. ఆ గోడ నీడ చాప అంచు దాకా వచ్చింది.

"ఒలే, నిన్న ఆ సాప అక్కడ లేదు కదా? ఎందుకు జరిపినావు?"

"జరపకపోతే ఒడియాలు నీడన పడి బూజెక్కిపోవా? మొన్న జానెడు జరిపినాను, మళ్లీ ఇయ్యాల. కార్తీకం ఎల్లే కొద్దీ ఈ గోడ నీడ ముందుకొస్తాది. ఏటేటా ఇదే తంతు. ఇన్నేళ్లు సంసారం సేసినావు, ఆమాత్రం తెల్దేటి?"

"నాకెలా తెలుస్తాది? మజ్జానం సైరన్ కూసినప్పుడల్లా నాను కార్ఖానాలోనే ఉన్నాను కదే."

"అదే మరి. కూత ఇనడం తప్ప నీకేటి తెల్సు!"

ఆయనకు నిజంగా తెలియదో, తెలిసే అడిగాడో నాకిప్పటికీ తెలియదు. అడిగి, నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "గుంటా, మీ నాయనమ్మ గోడ నీడ కదుల్తాదంతంది. మరి నీ కర్ర నీడ కదల్లేదేటి?"

సుత్తి వదిలేసి ఏడ్చాను. ఏడుస్తూనే అంతా చెప్పేశాను. పీకేసిన మూడు మేకుల సంగతి కూడా చెప్పాను.

ముందు నాయనమ్మే నోరు తెరిచింది. "ఓలమ్మో, దొంగ గుంట! ఒడియాల సాపకున్న బుద్ధి నీకు లేకపోయిందేటే!" అంది. అంటూనే చాప వదిలేసి వచ్చి గుత్తిని, నీడను, మళ్లీ గుత్తిని చూసింది. ఆ చూపులో కోపం కంటే ఇంకేదో ఎక్కువ ఉంది. ఇన్నేళ్లుగా తాను ఒడియాల కోసం చేస్తున్న పనికీ, తాతయ్య చదువు అంటున్న దానికీ ఏదో చుట్టరికం ఉందని ఆమెకు అప్పుడే తట్టినట్టుంది.

తాతయ్య నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పీట పక్కన కూర్చోబెట్టుకుని తన సంగతి ఒకటి చెప్పాడు. కార్ఖానాలో చేరిన కొత్తలో ఆయనకు ఇనప పిన్నులు కొలిచి, ఆ కొలత సుద్దతో పిన్నులు పెట్టే ఇనప పళ్లెం మీద రాసే పని ఇచ్చారట. పిన్నులన్నీ ఒకే కొలత రావాలి. ఒక రోజు ఒక పిన్ను వెంట్రుకంత తక్కువ వచ్చింది. తనకు కొలవడం రాలేదనుకుంటారని భయపడి, ఉండాల్సిన అంకే రాసేశాడట. పక్కన పనిచేసే ముసలి బెంగాలీ మిస్త్రీ ఆ పిన్నును మళ్లీ కొలిచాడు. పైవాళ్లతో చెప్పలేదు. సుద్ద ముక్క మా తాతయ్య చేతికిచ్చి, ఉన్న అంకె రాయించి, ఆ పిన్నును పక్కన పడేయించాడు. "సుద్ద ముక్క నీ సేతిలో ఉంది కాబట్టి నువ్వు సెప్పినట్టు రాస్తాది. పిన్ను ఎవుడి మాటా ఇనదు," అన్నాడట ఆ మిస్త్రీ తన భాషలో. మా తాతయ్య దాన్ని మా భాషలోకి మార్చి చెప్పి, "నీడా అంతే. నీకు అర్దం కాకపోతే కాకపోనీ. అది పడ్డ చోటే మేకు కొట్టు," అన్నాడు.

నేను కళ్లు తుడుచుకుని, పోయిన ఇరవై రోజుల మేకులూ వరసగా సర్దేస్తానన్నాను. మొదటి మేకుకూ ఈ రోజు నీడకూ మధ్య దూరాన్ని పంచేస్తే సరిపోతుంది కదా. ఆ పంపకం చేయగలనని నాకు కొంచెం గర్వం కూడా. ఆయన తల అడ్డంగా ఊపాడు. చూడనిది చూసినట్టు మళ్లీ రాస్తావేటి అన్నాడు. గుత్తి పీకించాడు, కాగితం మీద ఆ ఇరవై రోజులనూ అడ్డగీత కొట్టించాడు. మొదటి మేకును మాత్రం ఉంచాడు, అది నిజంగా చూసి కొట్టింది కనుక. తరువాత పెద్ద ఖాళీ. ఆ ఖాళీ చూసినప్పుడల్లా నాకు సిగ్గేసేది. సిగ్గేసినా దాన్ని అలాగే ఉంచాం.

ఆ రోజు నుంచి నిజం మేకులు పడ్డాయి. మొదట్లో రోజుకింత ముందుకు వెళ్లేవి, తరువాత తరువాత బద్ధకించాయి. పక్కింటి బెంగాలీ దీదీ బొడోదిన్, అంటే క్రిస్మస్ పండగకు పళ్లెంలో కేకు ముక్కలు పెట్టి పంపిన రోజుల్లో నీడ కదలడమే మానేసింది. మేకు మీద మేకు కొట్టాల్సి వచ్చింది. మళ్లీ తప్పు చేస్తున్నానా అని నాకు భయం. నాయనమ్మే వచ్చి వంగి చూసి, "తప్పు కాదు, అక్కడే ఉంది," అని సాక్ష్యం చెప్పింది. తరువాత నీడ వెనక్కి తిరిగింది. అంతే కాదు, మేకుల వరస తిన్నగా కూడా పోలేదు, కొంచెం పక్కకు ఒరుగుతూ పోయింది. అదెందుకని అడిగితే తాతయ్య చాలాసేపు గడ్డం గోక్కుని, "నాకు తెల్దు. తెల్దని రాయి," అన్నాడు. నేను రాశాను. పెద్దవాళ్లకు కూడా తెలియనివి ఉంటాయనీ, దాన్ని రాసుకోవచ్చనీ నాకు తెలిసింది ఆ రోజే.

అప్పటికి నాయనమ్మ రోజూ మధ్యాహ్నం "మేకు ఎంత దూరం ఎల్లింది?" అని అడిగి చాప వేసుకోవడం మొదలెట్టింది. చదువు అని మాత్రం ఒప్పుకోలేదు. ఒడియాల కోసం అనేది.

జనవరి మొదటి వారంలో తాతయ్య నన్ను బడికి తీసుకెళ్లాడు. చంటివాణ్ణి చంకనేసుకుని నాయనమ్మ కూడా వచ్చింది. మూడో తరగతి ఇవ్వనంటే ఆ మాట తన చెవులతో వినాలని. పెద్ద మేష్టారు ఎక్కాలు అడిగారు, చెప్పాను. కూడికలు, తీసివేతలు చెప్పాను. వాచకం చేతికిచ్చారు. అక్కడ పట్టుబడ్డాను. నెలల తరబడి అచ్చు అక్షరం చూడని దాన్ని, ఒత్తుల దగ్గర బండి రాయికి తగిలినట్టు ఆగిపోయాను. ఆయన పెదవి విరిచి, "రెండులోనే ఉంచడం మంచిదేమో," అన్నారు. తాతయ్య బతిమాలలేదు. నాయనమ్మ చంటివాణ్ణి ఇంకో చంకకు మార్చుకుంది, లేవడానికి.

నేను గౌను జేబులోంచి క్యాలెండరు కాగితం తీసి ఆయన బల్ల మీద పరిచాను. ఎవరూ తీయమనలేదు. ఆ ధైర్యం ఎక్కడిదో నాకే తెలియదు.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు. "ఇదంతా కొట్టేసి ఉందేం?" అని అడ్డగీత మీద వేలు పెట్టారు.

"అవి నాను అబద్దం రాసినవండి. నీడ అక్కడ పడలేదండి."

"మరి ఇక్కడ?"

"బొడోదిన్ కాడ ఆగిపోయిందండి. ఆగి ఎనక్కి తిరిగిందండి. ఇంక మా ఒడియాల సాప కూడా ఎనక్కి జరుపుకోవచ్చండి."

మేష్టారు నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. "నిజమే బాబూ, నాను సూసినాను," అంది గట్టిగా, తనను కూడా పరీక్ష చేస్తున్నట్టు.

"ఈ పక్కకు ఒరగడమేమిటమ్మా?"

"తెల్దండి. తాతకీ తెల్దండి. కింద రాసినాను సూడండి."

"నాకూ తెలియదు," అన్నారాయన. హాజరు పుస్తకం దగ్గరకు లాక్కున్నారు. ఒత్తులు నెల రోజుల్లో వచ్చేస్తాయిలే అంటూ మూడో తరగతి పేజీలో చివరన నా పేరు రాశారు. మా తాతయ్య ఆ పేరు రాసిన చోటు వంగి చూశాడు. చదవలేడు, అయినా చూశాడు. జీవితంలో నాకు కొలమానం లేని గర్వం కలిగిన రోజు అది. నా పెళ్లి రోజున కూడా అంత తల ఎత్తుకుని నడవలేదు.

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. అందుకు ఎవరినీ నిందించను, ఆ రోజులు అవి. కాని ఆ కర్ర నేర్పింది ఆగలేదు. కూరలో ఉప్పెక్కువైతే ఎక్కువైందనే చెప్పాను, కొడుకు పరీక్షలో తప్పితే తప్పాడనే చెప్పాను, నా తప్పును నా తప్పనే అన్నాను. ఈ నోటి వల్ల బంధువుల్లో నాకు గయ్యాళి అని పేరు. ఉండనీ.

ఇప్పుడు తాల్‌బగీచాలో మా ఇంట్లో మా కోడలు ఏడేళ్ల మనవరాలికి ఇంటి దగ్గరే చదువు చెబుతోంది. పిల్లను బడికి పంపకుండా మట్టిలో ఆడిస్తున్నారని చుట్టుపక్కల వాళ్లు నాతో అంటారు. ఆ మట్టిలోంచే వచ్చినదాన్ని నేను, అంటాను. మొన్న ఆ పిల్ల రెండు గ్లాసుల్లో పెసలు వేసి ఒకటి ఎండలో, ఒకటి బీరువాలో పెట్టింది. చీకట్లో మొలక పాలిపోయి ఉంది, కాని పొడుగ్గా ఎదిగింది. ఎండలోది పొట్టిగా ఉంది. మొక్కకు వెలుతురు కావాలని తల్లి చెప్పింది కదా, తనదే తప్పనుకుని పిల్ల గ్లాసుల మీది చీటీలు మార్చబోయింది. నేను చూశాను. పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథంతా చెప్పాను. గుప్పెడు పెసలు వృథా అని నాకు లోపల ఉన్నా, ఆ మాట మాత్రం అనలేదు. కోడలే ఈ కథ రాసిపెట్టమంది. మేకుల వరస పక్కకు ఎందుకు ఒరిగిందో కూడా ఆమే చెప్పింది. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ ఏడాది పొడుగునా గడియారంతో సరిగ్గా కలవదట, ఒకప్పుడు ముందు, ఒకప్పుడు వెనక. అంటే మా సైరన్ ఒక దారి, సూర్యుడు ఒక దారి. ఆ జవాబు నా దగ్గరకు రావడానికి ఒక జీవితం పట్టింది. తాతయ్య ఉంటే కాగితం మీద "తెల్దు" అన్నది అడ్డగీత కొట్టించేవాడు.

మొదటి రోజు కొట్టిన మేకు నా పోపుల డబ్బాలో ఉంది. తుప్పు పట్టింది. ఎవరైనా నా దగ్గర మాట కొంచెం వంచి చెబుతుంటే నా చెయ్యి ఊరికే ఆ డబ్బా మీదికి పోతుంది.

మేష్టారు నా పేరు రాసిన మర్నాడు ఉదయం, మొదటి సైరన్‌కే నాయనమ్మ నన్ను లేపింది. అంగుళమంత పెరిగిన జుట్టుకు నూనె రాసి, ఉన్న కాస్తనూ నున్నగా దువ్వింది. డబ్బాలో అన్నం పెట్టి, పైన నాలుగు గుమ్మడి ఒడియాలు వేయించి పెట్టింది. నేను గుమ్మం దిగుతుంటే వెనక నుంచి పిలిచింది.

"ఒలే గుంటా, మజ్జానం నువ్వు బళ్లో ఉంటావు కదా. ఇయ్యాల మేకు నాను కొడతాను. సుత్తి ఎక్కడెట్టినావో సెప్పి ఎల్లు."

గూట్లో ఉందని చెప్పి, నేను బడికి వెళ్లాను.